తెలిసిన కథ

మదనపల్లెలో గాని పుంగనూరులో గాని సాయంకాలము కాఫీ హోటలు ముందర నిలుచుండు యువకుల సంభాషణను కొంచెముసేపు చెవియొగ్గి వినువారికి ఒక క్రొత్త నేరము పేరు తెలియును. దానిని వారు ‘స్పాయిలర్’ అందురు. ఏదేని టెలివిజన్ కథను ఇంకను చూడని మిత్రునకు దాని ముగింపును ముందుగా చెప్పివేయుట ఆ నేరము. అప్పు ఎగవేసినవానినైనను క్షమింతురు గాని ఈ పని చేసినవానిని క్షమింపరు. కథ భూతప్రేతములదో, రాబోవు యుగములదో, ఏ పటమునందును లేని రాజ్యములదో అయ్యెనా, ఈ ఆగ్రహము మరింత హెచ్చును. ఏలయన, అట్టి కథలలో ఏమి జరుగునో లోకానుభవముచే ఊహించుటకు వీలులేదు. రహస్యమే వాని పెట్టుబడి.

పెద్దలు ఈ తగవును చూచి నవ్వుదురు. మేమును కొంత నవ్వితిమి. కాని ఈ పిల్లల భయమునకును, మన గ్రామములలో పెద్దలు ఇటీవల చేయుచున్న ఒక ఆలోచనకును దగ్గరి చుట్టరికమున్నదని తోచినందున ఈ నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చినది.

2015 జూలైలో వెలువడిన ‘బాహుబలి’ మొదటి భాగము, కట్టప్ప తన ప్రభువును పొడిచి చంపెనను సంగతితో ముగిసెను. ఎందులకు చంపెనో చెప్పలేదు. 2017 ఏప్రిల్ 28వ తేదీన రెండవ భాగము వచ్చువరకు తెలుగుదేశముననే గాక దేశమంతటను అదియే ప్రశ్న. దర్శకులు రాజమౌళిగారి మనస్సులో ఏమున్నది, కథ కూర్చిన విజయేంద్రప్రసాదుగారు ఏ ముడి వేసియున్నారు అని రచ్చబండలయొద్దను, రైలుపెట్టెలలోను తర్కించిరి. తుదకు జవాబు తెలిసినది. మొదటి ఆట చూచినవారు రెండవ ఆటకు పోవువారికి చెప్పకుండిరా? తప్పక చెప్పియుందురు. అంతమాత్రమున జనము తగ్గలేదు. నేటికిని టెలివిజన్‌లో ఆ చిత్రము వేసిన దినమున, జవాబు పూర్తిగా తెలిసిన ఇంటివారే కూర్చుండి చూచుచున్నారు.

‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ అను ఆంగ్ల కథ 2011 మొదలు 2019 వరకు టెలివిజన్‌లో నడిచినది. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ నవలలు దానికి మూలము. అందు ఒక పెండ్లివిందులో అతిథులు హతులగు ఘట్టము 2013 జూన్‌లో ప్రదర్శింపబడెను. నవలను చదివినవారికి ఆ సంగతి 2000 సంవత్సరముననే తెలియును. తెలిసియు వారిలో అనేకులు నోరు మెదపక, తెలియని మిత్రుల ప్రక్కన కూర్చుండి, తెరను విడిచి ఆ మిత్రుల ముఖములనే చూచుచుండిరి. కొందరు ఆ ముఖములను ఫోనులతో చిత్రించి లోకమునకు చూపిరి. చూచువానికి ఒక సుఖము, తెలిసి చూచువానికి ఇంకొక సుఖము.

ఈ రెండవ సుఖము మన సీమవారికి క్రొత్త గాదు. ద్రౌపదీ సమేత ధర్మరాజులవారి గుడియున్న గ్రామములలో పదునెనిమిది దినములు భారతము జరుగుట మన పాఠకులు ఎరిగినదే. పగలు హరికథకుడు భారతకథ చెప్పును. రాత్రి వీధినాటకము వారు వేషములు కట్టి ఆడుదురు. అనగా రాత్రి ఏమి జరుగబోవునో పగలే, అదియు మేళతాళములతో, చెప్పివేయుట ఆచారమన్నమాట! నేటి యువకుల శిక్షాస్మృతి ప్రకారము మన హరికథకులందరును ముద్దాయిలు.

అర్జునుడు తపస్సు మ్రానెక్కునపుడు పాశుపతము దొరకునో దొరకదో అని సందేహించువాడు ఆ జనములో ఒక్కడును ఉండడు. అయినను వేషధారి పద్యము పాడుచు మెట్టు మెట్టుగా పైకి పోవుచుండ జనమంతయు తలలెత్తి నిలుచుండును. సంతానము కోరు స్త్రీలు తడిబట్టలతో క్రింద వేచియుందురు. పైనుండి అతడు విసరు పండో, విభూతియో తమ కొంగున పడవలెనని వారి ప్రార్థన. చివరినాడు నేలమీద పరుండబెట్టిన బ్రహ్మాండమైన మట్టి దుర్యోధనుని చుట్టు భీముడు పరుగులెత్తును. ఆ తొడ విరుగునని చంకలోని బిడ్డకు తెలియును. ‘ఈయేడు దుర్యోధనుడు ఎట్లు పడెను?’ అని మరునాడు ప్రక్క యూరివారు అడుగుదురే గాని, ‘పడెనా?’ అని అడుగరు. కర్ణుడు కవచకుండలములు కోసి యిచ్చువేళ ‘ఇయ్యవద్దు నాయనా’ అని కేకవేయు ముసలమ్మకు ఇచ్చిన తరువాత ఏమగునో తెలియదా? తెలియుటచేతనే గదా ఆ కేక!

దీనినిబట్టి ముందుగా చెప్పువాడు నిర్దోషియని మేము అనుట లేదు. హరికథకు పోవువాడు వినగోరి పోవును. కాఫీ హోటలువద్ద చిక్కినవాడు అడుగలేదు. ఏ కథనైనను మొదటిసారి చూచుట ఒక్కసారియే. దానిని ఇతరుడు లాగికొనుట మోటుతనము. 1952 నుండి లండనులో ఆడుచున్న అగాథా క్రిస్టీ నాటకము ‘మౌస్‌ట్రాప్’ ముగియగానే హంతకుడెవరో బయట చెప్పవద్దని ప్రేక్షకులను కోరుట పరిపాటి. అది మర్యాదయే. 2011లో కాలిఫోర్నియాలో ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు చిన్నకథల ముగింపులను కొందరికి ముందే తెలిపి చదివించి, అట్లు చదివినవారికే కథలు హెచ్చుగా రుచించెనని ప్రకటించిరి. తరువాతి పరిశోధనలలో కొన్ని దీనికి విరుద్ధముగా తేలినవి. ఈ తీర్పును పరిశోధకులకు విడిచిపెట్టుదము.

యువకుల రెండవ తగవు ఇంతకంటె గట్టిది: కథ చెప్పినవాని ఉద్దేశమేమి? పైన చెప్పిన ఆంగ్ల కథ 2019 మే నెలలో ముగియగా, ఆ ముగింపు కథకు తగినది కాదని, దానిని వేరొకరిచే మరల వ్రాయించి తీయింపవలెనని పది లక్షలకు మించి జనులు విజ్ఞప్తిపై సంతకములు చేసిరి. మనయొద్ద 2024 జూన్‌లో వచ్చిన ‘కల్కి 2898 ఏ.డి.’ చివర నాయకుడే పూర్వజన్మమున కర్ణుడని తేలగా (చూడని పాఠకులు మన్నింతురు గాక), కర్ణునట్లు హెచ్చించుట దర్శకుడు నాగ్ అశ్విన్ ఉద్దేశమా, అర్జునునికి న్యాయము జరిగెనా అని ఇండ్లలో వాదములు జరిగినవి. భారతము వినని యింట ఈ వాదము పుట్టనే పుట్టదు గదా అని మేము లోలోన సంతోషించితిమి.

కర్త ఉద్దేశమును గూర్చిన తగవులలో మిక్కిలి పెద్దదానికి మన మదనపల్లెతోడనే సంబంధమున్నది. రవీంద్రులు ‘జనగణమన’ను 1911లో రచించిరి. ఆ యేడు డిసెంబరు 27వ తేదీన కలకత్తా కాంగ్రెసులో అది గానము చేయబడినది. అప్పుడే జార్జి చక్రవర్తి దేశమునకు వచ్చియుండుటచే కొన్ని ఆంగ్ల పత్రికలు రెండు సంగతులను కలగలిపి, పాట చక్రవర్తిని గూర్చినదని వ్రాసినవి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రులు మదనపల్లెకు వచ్చి, నేడు మనము బి.టి. కళాశాల అని పిలుచు దివ్యజ్ఞాన కళాశాలలో విడిసి, ఆ గీతమును తామే ఆంగ్లీకరించిరి. యుగయుగములుగా జనులను నడిపించు సారథి యని అందు సంబోధింపబడినవాడు ఏ జార్జియు కాజాలడని 1937లో ఒక లేఖలో స్వయముగా వ్రాసిరి. అయినను అపవాదు ఆగినదా? 1950 జనవరి 24వ తేదీన అది జాతీయ గీతమైన తరువాతను అప్పుడప్పుడు తల యెత్తుచునే యున్నది.

కర్త నోటిమాటయు తగవును తీర్పలేకపోయెను. తీర్చునది కృతియే. ఆ గీతము నంతయు చదివినవానికి, అందులోనూ భారతపు రాత్రులలో పార్థసారథిని చూచి పెరిగిన రైతునకు, ఆ సారథి ఎవరో కవి వచ్చి చెప్పవలసిన పని లేదు. చక్రవర్తియని వ్రాసిన పత్రికలవారు మొదటి చరణమును దాటి చదివినట్లు కనబడదు. టెలివిజన్ కథల కర్తలు ముగింపు చెడిన తరువాత మా ఉద్దేశము ఇది అని ఎంత వివరించినను, ఆ ఉద్దేశము కథలో లేనిచో ప్రేక్షకుడు కట్టుబడనక్కర లేదు. కర్త మాట ఒక సాక్ష్యము. సాక్షులలో ఆయనకు ముందు పీట వేయుదము; న్యాయాసనము మాత్రము ఇయ్యరాదు.

ఇక మన పెద్దల ఆలోచన. ‘అందరికి తెలిసిన కథయే గదా, రాత్రులన్నియు తెల్లవార్లు ఎందులకు? అర్జున తపస్సు, దుర్యోధన వధ ఉంచి మిగిలినవి తగ్గింతము. రెండు గంటలలో ముగించి ఆర్కెస్ట్రా పెట్టింతము’ అని చందాలు వేయువారిలోనే కొందరు అనుచున్నారు. వ్యయము పెరిగిన మాట నిజము. కాని ‘తెలిసిన కథ’ యనునది కారణము కాజాలదు. ముగింపు తెలిసినచో కథ చచ్చినదని కాఫీ హోటలు ముందర అలుగు బాలుడును, అందరికి తెలిసినది గనుక ఆట చాలించుడను పెద్దయు ఒక్కటే పొరపాటు పడుచున్నారు. ఇరువురును కథను వార్త యనుకొనుచున్నారు. బాలునకు మొదటిసారి చూచు కుతూహలమను సాకైన నున్నది.

తగ్గించిన రాత్రుల నష్టము ముందుగా తగులునది వేషధారులకు. ఉత్సవపు దినములలో దొరకు కూలి వారికి సంవత్సరపు ఆధారములో ఒక భాగము. కృష్ణ రాయబారము ఆడని ఏడు ఆ పద్యములు నేర్చికొను శిష్యుడు రాడు. మూడేండ్లు ఆడనిచో నేర్పువాడును ఉండడు. తెలుగు, తమిళము, కన్నడము మూడును వినవచ్చు కుప్పమున 1997 నుండి ద్రావిడ విశ్వవిద్యాలయమున్నది. మన మేళములవారు ఆడు భారతమును రాత్రి వెంట రాత్రి, సంక్షేపము చేయక, చిత్రించి భద్రపరచుటకు అక్కడి ఆచార్యులకంటె తగినవారెవరు?

గ్రామ పెద్దలకు మా మనవి ఒక్కటి. వచ్చు ఉత్సవమునకు చందాపుస్తకము మీ చేతికి వచ్చినపుడు, సంఖ్య వేయకముందు, ఎన్ని రాత్రుల నాటకమునకు ఒప్పందమైనదో అడుగుడు. తక్కువైనచో ఆ రాత్రుల ఖర్చెంతో కనుగొని, ఆర్కెస్ట్రాకు వ్రాసిన మొత్తములోనుండి దానిని ఇటు మార్పించుడు. కాఫీ హోటలువద్ద కర్ణుని గూర్చి వాదించుచున్న పిల్లలను కర్ణ మోక్షము నాటి రాత్రి పిలిచి ముందు వరుసలో కూర్చుండబెట్టుడు.