గ్యాస్ బావి పక్కన కాపురం: ముందే తెలియవలసిన సంగతులు



కోనసీమలో ‘బ్లోఅవుట్’ అనే మాట చదువురానివారికి కూడా తెలుసు. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావిలో లేచిన మంట 65 రోజులు ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున అదే మామిడికుదురు మండలంలోని నగరం గ్రామంలో గెయిల్ పైపులైను నుంచి లీకైన గ్యాస్ అంటుకుంది. ఇరవైమందికి పైగా చనిపోయారు. 2026 జనవరిలో మలికిపురం మండలం ఇరుసుమండలో బావి నుంచి గ్యాస్ ఎగదన్ని మంటలు లేచాయి. చుట్టుపక్కల ఇళ్లు ఖాళీ చేయించవలసి వచ్చింది.

గ్యాస్ తీయడం మానేయాలని మేము అనడం లేదు. దేశానికి ఇంధనం కావాలి. మేము కోరేది ఒక్కటే. ఆ గ్యాస్ పక్కన కాపురం ఉండేవారికి, లీకైన మొదటి పది నిమిషాల్లో ఏమి చేయాలో తెలిసి ఉండాలి. ఎంత పెద్ద నిపుణులైనా ఊరికి చేరేసరికి ఆ పది నిమిషాలు గడిచిపోతాయి.

వంట గ్యాస్ లీకైతే వాసన వస్తుంది కదా అని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఆ వాసన కోసం కంపెనీలు మెర్కాప్టన్ అనే పదార్థాన్ని కావాలని కలుపుతాయి. భూమిలోంచి వచ్చే గ్యాస్‌లో ముఖ్యంగా ఉండే మీథేన్‌కు రంగూ లేదు, వాసనా లేదు. దానితోపాటు ద్రవ ఇంధనం కూడా బయటికి వస్తే పెట్రోలు లాంటి వాసన రావచ్చు. ఆ ఆవిరి గాలికన్నా బరువు కనుక నేలను అంటిపెట్టుకుని ఇళ్లలోకి పాకుతుంది. బుస్సుమనే చప్పుడు, పంట కాలువలో ఆగకుండా లేచే బుడగలు కూడా గుర్తులే.

అనుమానం వస్తే అగ్గిపుల్ల గీయవద్దు. పొయ్యి వెలిగించవద్దు. లైటు వేయవద్దు, వెలుగుతున్న లైటు ఆర్పవద్దు. మోటారు సైకిలు స్టార్టు చేయవద్దు. ముసలివారిని, పిల్లలను వెంటబెట్టుకుని, గాలి వాలుకు అడ్డంగా నడిచి దూరంగా వెళ్లండి. అక్కడికి చేరాకే 112కు గానీ 101కి గానీ ఫోను చేయండి.

ఎవరికైనా ఒళ్లు కాలితే మంట ఆర్పి, కాలినచోట ఇరవై నిమిషాలపాటు చల్లటి నీళ్లు ధారగా పోయండి. ఐసు పెట్టవద్దు. సిరా, టూత్‌పేస్టు, పసుపు ఏవీ రాయవద్దు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. ఒంటికి అంటుకున్న బట్టను లాగవద్దు. శుభ్రమైన పలుచని గుడ్డ కప్పి, 108ని పిలిచి ఆసుపత్రికి తీసుకురండి.

ఇవన్నీ ఊళ్లలో చెబితే జనం భయపడతారని కొందరంటారు. మేము ఒప్పుకోము. టీకా వేసేముందు జ్వరం రావచ్చని తల్లికి చెబుతాము. చెప్పినందుకు ఆమె బెదిరిపోదు, జ్వరం వస్తే ఏమి చేయాలో తెలుసుకుంటుంది. తెలియని భయమే మనిషిని తప్పు దారిన పరుగెత్తిస్తుంది.

కంపెనీలు ఊళ్లకు ఇచ్చే మంచినీళ్ల ట్యాంకులు, బడి బల్లలు మంచివే. అయితే అవి దానాలు. ప్రమాదం గురించి చెప్పడం దానం కాదు, బాధ్యత. పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ మండలి 2010లో తెచ్చిన నిబంధనలు కూడా అత్యవసర ప్రణాళిక, మాక్ డ్రిల్లులు ఉండాలంటున్నాయి. డ్రిల్లు కంపెనీ గేటు లోపలే ముగిస్తే చాలదు. గేటు బయట ఉన్న వీధుల్లోనూ జరగాలి.

కనుక ఈసారి గ్రామసభకు వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. పైపు మన ఊళ్లో ఎక్కడెక్కడ నుంచి పోతోంది? లీకైతే ఏ నంబరుకు చెప్పాలి? ఏ దారిన ఎక్కడికి వెళ్లాలి? జవాబులు తెలుగులో, పెద్ద అక్షరాలతో పంచాయతీ గోడమీద రాయించమని పట్టుబట్టండి. చదవలేనివారికి చదివి వినిపించండి.