ఐదున్నర గంటలు ఎక్కడికి పోయాయి?

పాత లాప్‌టాప్‌లో టైమ్ తప్పుగా చూపిస్తోందని ఎవరైనా ఫోన్ చేస్తే నేను మొదట అడిగేది ఒక్కటే: "ఎంత తప్పు?"

చాలామంది దగ్గర దీనికి జవాబుండదు. "తప్పు అంటే తప్పే కదా" అంటారు. కాదు. జ్వరం అనగానే డాక్టర్ ఎంత ఉందని అడిగినట్టే ఇది కూడా. గడియారం ఎంత తప్పిందో చూస్తే ఎందుకు తప్పిందో సగం తెలిసిపోతుంది. ఐదున్నర గంటలా, పదమూడున్నర గంటలా, పదిహేనేళ్లా, పది నిమిషాలా? ఒక్కోదానికి ఒక్కో కారణం. కారణం పట్టుకోకుండా టైమ్ మార్చుకుంటూ పోతే అది మళ్లీ మొదటికే వస్తుంది.

మన వైపు ఇది చిన్న సంగతేం కాదు. శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో డిగ్రీ పిల్లల చేతిలో ఉండే లాప్‌టాప్ ఎక్కువగా కొత్తది కాదు. అన్నయ్య హైదరాబాద్‌లో వాడి వదిలేసిందో, విశాఖలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నదో. అందులో విండోస్ 7 ఉంటుంది, ఒక్కోసారి ఎక్స్‌పీ కూడా. ఉద్యోగానికి అప్లికేషన్, స్కాలర్‌షిప్ ఫారం, ప్రాజెక్ట్ రిపోర్ట్ అన్నీ దాని మీదే. దాని గడియారం చెడితే నష్టపోయేది ఆ పిల్లలే.

నిన్న రాత్రికి పోయే లాప్‌టాప్

టెక్కలి వైపు నుంచి ఒక డిగ్రీ కుర్రాడు మొన్నామధ్య ఫోన్ చేశాడు. "అన్నియ్యా, ఫార్మాట్ కొట్టించినప్పుడు టైమ్ బానే ఉంది. నెట్ పెట్టీసరికి నిన్న రాత్రికెల్పోతంది. మల్లీ సెట్ చేస్తన్నాను, మల్లీ ఎల్పోతంది. ఏటి దీని గోల?"

ఎంత వెనక్కి పోతోందో లెక్కపెట్టమన్నాను. పొద్దున్న 9 గంటలకి నెట్ పెడితే ముందు రోజు రాత్రి 7.30 చూపిస్తోంది. అంటే సరిగ్గా పదమూడున్నర గంటలు. ఇంకేం అడగక్కర్లేదు. లాప్‌టాప్ టెక్కలిలోనే ఉంది, కానీ తాను అమెరికా పశ్చిమ తీరంలో ఉన్నానని అనుకుంటోంది.

విండోస్ 7 ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చివర్లో తేదీ, సమయం చూసుకోమని ఒక స్క్రీన్ వస్తుంది. మామూలుగా దొరికే అమెరికన్ ఇంగ్లిష్ కాపీ అయితే అందులో ముందే ఎంచి పెట్టి ఉండేది పసిఫిక్ టైమ్. ఫార్మాట్ కొట్టేవాళ్లు తొందరలో నెక్స్ట్, నెక్స్ట్ నొక్కేస్తారు. గమ్మత్తేమిటంటే ఆ రోజు తప్పేమీ కనపడదు. విండోస్ మదర్‌బోర్డ్ మీద ఉన్న గడియారాన్ని చూసి, అదే లోకల్ టైమ్ అనుకుని ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. తొమ్మిదంటే తొమ్మిదే. నెట్ తగిలాక సర్వర్ నుంచి ప్రపంచ సమయం, అంటే యూటీసీ వస్తుంది. అందులోంచి పసిఫిక్ లెక్క ప్రకారం 8 గంటలు తీసేస్తుంది. మనం యూటీసీకి ఐదున్నర గంటలు ముందు, వాళ్లు 8 గంటలు వెనక. రెండూ కలిపితే పదమూడున్నర. వేసవిలో అక్కడ గడియారం గంట ముందుకి జరుపుతారు కాబట్టి అప్పుడు పన్నెండున్నర.

ఇప్పుడు ఆ కుర్రాడు చేసిందేమిటి? జోన్ అలాగే వదిలేసి టైమ్ ఒక్కటే చేత్తో తొమ్మిదికి తిప్పాడు. పైకి అంతా బాగుంది. లోపల మాత్రం లాప్‌టాప్ లెక్కలో ప్రపంచ సమయమే పదమూడున్నర గంటలు ముందుకి పోయింది. దాని మీద నుంచి పొద్దున్న పదింటికి పంపిన మెయిల్ అవతలివాళ్లకి రాత్రి పదకొండున్నరకి పంపినట్టు కనపడొచ్చు. మళ్లీ నెట్ కలిసి టైమ్ సరిచేసుకోగానే నిన్న రాత్రికి పోతుంది.

అందుకే మొదటి సూత్రం: టైమ్ ముట్టుకోకముందు జోన్ చూడండి. కింద మూల గడియారం నొక్కి, డేట్ అండ్ టైమ్ సెట్టింగ్స్‌లో చేంజ్ టైమ్ జోన్‌కి వెళ్లండి. ప్లస్ 5.30 దగ్గర చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉన్న లైన్ ఎంచుకోండి. ఆ తర్వాతే టైమ్ సంగతి. ఆ కుర్రాడి పని రెండు నిమిషాల్లో అయిపోయింది.

శ్రీ అని ఉంటే మనదేనా?

ఆ లిస్టులో విజయనగరం ఉండదు, విశాఖ ఉండదు, హైదరాబాద్ కూడా ఉండదు. కంగారొద్దు. దేశమంతటికీ ఒకటే టైమ్ కాబట్టి చెన్నై పేరున్న లైనే మనది. లినక్స్‌లో అయితే ఏషియా/కోల్‌కతా. 2008కి ముందు సిస్టమ్స్‌లో అదే ఏషియా/కలకత్తా.

ఆ లైన్ దగ్గర్లోనే శ్రీ జయవర్ధనపుర అని ఇంకోటి ఉంటుంది. పేరులో శ్రీ చూసి మన పక్కదే అనుకుని నొక్కినవాళ్లు నాకు తెలుసు. అది శ్రీలంక రాజధాని. ఇవాళ దాని టైమ్ కూడా మనదే, ప్లస్ 5.30. కాబట్టి విండోస్ 7లో నష్టం కనపడదు. కానీ శ్రీలంక ఈ ఐదున్నరకి తిరిగి వచ్చింది 2006 ఏప్రిల్‌లో. అంతకుముందు ప్లస్ 6లో ఉండేది. అప్‌డేట్ లేని పాత ఎక్స్‌పీకి ఆ సంగతి తెలీదు. అందులో అది నొక్కితే నెట్ కలిసిన ప్రతిసారీ గడియారం అరగంట ముందుంటుంది.

పాత ఆపరేటింగ్ సిస్టమ్‌తో చిక్కు ఇదే. టైమ్ జోన్ అంటే ఒక అంకె కాదు, దేశాలు మార్చుకుంటూ పోయే నియమాల పుస్తకం. అప్‌డేట్‌లు ఆగిన రోజున ఆ పుస్తకం కూడా ఆగిపోతుంది. అమెరికా 2007 నుంచి గడియారం ముందుకి తిప్పే రోజుని మార్చి రెండో ఆదివారానికి, వెనక్కి తిప్పే రోజుని నవంబర్ మొదటి ఆదివారానికి మార్చింది. అప్‌డేట్ లేని ఎక్స్‌పీ ఇంకా ఏప్రిల్ మొదటి ఆదివారం కోసం చూస్తుంది. అక్కడున్న అక్కతో వీడియో కాల్‌కి ఆ మెషీన్‌లో అమెరికా టైమ్ చూసి కూర్చుంటే, మార్చిలో మూడు నాలుగు వారాలు గంట తేడా వస్తుంది. కువైట్‌లో నాన్న ఉన్నవాళ్లకి ఈ గొడవ లేదు. అక్కడ గడియారం ముందుకీ వెనక్కీ తిప్పరు, ఏడాదంతా మనకంటే రెండున్నర గంటలు వెనక.

మన అదృష్టం ఏంటంటే, మన నియమం మారలేదు. 1906 జనవరి 1న ఇండియన్ స్టాండర్డ్ టైమ్ మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 నుంచి 1945 దాకా గంట ముందుకి జరిపారు, మళ్లీ వెనక్కి తెచ్చారు. అంతే. కాబట్టి ఇరవయ్యేళ్ల పాత మెషీన్‌కైనా మన టైమ్ లెక్క కరెక్టుగా తెలుసు. మనం సరైన లైన్ ఎంచుకోవడమే మిగిలింది.

అన్నట్టు, ఈ ఐదున్నర 82.5 డిగ్రీల రేఖాంశం లెక్క. ఆ గీత మన రాష్ట్రంలో కాకినాడ దగ్గరగా వెళ్తుంది. మనం దానికి తూర్పున ఉన్నాం. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన చూస్తే సూర్యుడు సగటున విజయనగరంలో మూడున్నర, శ్రీకాకుళంలో ఐదున్నర, ఇచ్ఛాపురంలో దాదాపు 9 నిమిషాలు గడియారం కంటే ముందుంటాడు. అరసవల్లి సూర్యనారాయణస్వామికి మన టైమ్ జోన్‌తో పనేముంది!

ఐదున్నర, పదిహేనేళ్లు, పది నిమిషాలు

తప్పు సరిగ్గా ఐదున్నర గంటలైతే అనుమానించాల్సింది లినక్స్‌ని. పాత లాప్‌టాప్ స్పీడుగా నడవాలని విండోస్ పక్కనే ఉబుంటు లాంటిది వేసుకునేవాళ్లు ఎక్కువయ్యారు. మంచిదే. కానీ మదర్‌బోర్డ్ మీద ఉన్న ఒక్క గడియారంలో విండోస్ లోకల్ టైమ్ రాస్తుంది, లినక్స్ ప్రపంచ సమయం రాస్తుంది. ఒకే గోడ గడియారాన్ని ఇద్దరు చెరోలా తిప్పుకుంటున్నట్టు. లినక్స్ వాడి విండోస్‌లోకి వస్తే ఐదున్నర గంటలు వెనక కనపడుతుంది. దీనికి ఫార్మాట్ అక్కర్లేదు. ఆ గడియారంలో లోకల్ టైమే పెట్టుకోమని లినక్స్‌కి చెప్పే ఆప్షన్ టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌లో ఉంది. ఒక్కసారి పెడితే చాలు.

తప్పు ఏళ్లలో ఉంటే, అంటే ఆన్ చేయగానే 2009 అని చూపిస్తుంటే, మదర్‌బోర్డ్ మీద బటన్ సెల్ అయిపోయినట్టు. డెస్క్‌టాప్‌లలో మామూలుగా ఉండేది సీఆర్2032. ప్లగ్ ఎప్పుడూ ఆన్‌లో ఉండే డెస్క్‌టాప్‌లో సెల్ చచ్చిపోయినా బయటపడదు, కరెంటే గడియారాన్ని నడిపిస్తుంటుంది. కరెంటు పోతేనే తెలుస్తుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు సెల్ లేని కంప్యూటర్లన్నీ ఒక్కసారే పాత తేదీకి పోతాయి.

తేదీ 2009 అయితే బ్రౌజర్ ఏ సైటూ తెరవదు. సైట్ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదని దాని లెక్క. నెట్ నుంచి టైమ్ దానంతటదే సరిపోతుందనుకోకండి. మన ఇళ్లలో విండోస్ 7 మామూలుగా 15 గంటలకి మించిన తేడాని సరిచేయడానికి ఒప్పుకోదు. ముందు తేదీ చేత్తో పెట్టి, తర్వాత ఇంటర్నెట్ టైమ్ ట్యాబ్‌లో అప్‌డేట్ నౌ నొక్కాలి. సెల్ మార్చేటప్పుడు ప్లగ్ తీసేయండి. పాత సెల్‌ని చిన్నపిల్లలకి అందనివ్వకండి, మింగితే ప్రాణాంతకం.

అన్నిటికంటే ప్రమాదం మాత్రం పది, ఇరవై నిమిషాల తప్పు. పదమూడు గంటల తప్పు కళ్లకి కొడుతుంది. పది నిమిషాలది ఎవరూ గమనించరు. విండోస్ 7 వారానికి ఒకసారే నెట్‌లో టైమ్ చూసుకుంటుంది. నెట్ సరిగా లేని ఊళ్లో అదీ ఉండదు. అప్లికేషన్ చివరి రోజు రాత్రి లాప్‌టాప్‌లో 11.45 అని ఉంటే ఇంకా టైమ్ ఉందనుకుంటాం. గడువు చూసేది సర్వర్ గడియారం, మనది కాదు. ఆటోమేటిక్ టైమ్ ఆన్‌లో ఉన్న ఫోన్ పక్కన పెట్టుకుని రెండూ పోల్చి చూడండి.

ఫోన్‌కి కూడా ఒక మాట. గేమ్‌లో లైఫ్‌ల కోసం తేదీ మారుస్తారు కొందరు. దాంతో వాట్సాప్ తేదీ సరిగా లేదని ఆగిపోతుంది. ఆథెంటికేటర్ యాప్ కోడ్‌లు 30 సెకన్లకోసారి గడియారాన్ని బట్టి మారేవి కాబట్టి తప్పుతాయి. ఎస్ఎంఎస్‌లో వచ్చే ఓటీపీకి ఈ బాధ లేదు.

ఫార్మాట్ కొట్టించే ముందు

ఇన్‌స్టాల్ చేసేముందు బయోస్‌లోకి వెళ్లి తేదీ చూడండి. అది తప్పైతే తర్వాత అన్నీ తప్పే. కాస్త కొత్త లాప్‌టాప్‌లో విండోస్ 7 వేస్తుంటే మౌస్, కీబోర్డ్ పనిచేయకపోవచ్చు. యూఎస్‌బీ 3.0 డ్రైవర్ అందులో లేకపోవడమే కారణం. లోపల నీలం రంగు లేని యూఎస్‌బీ పోర్టులో పెట్టి చూడండి. అప్‌డేట్‌లు ఎక్కకపోతే ముందు కేబీ4490628, తర్వాత కేబీ4474419 వేయాలి. 2019 తర్వాతి అప్‌డేట్‌ల కొత్త సంతకాన్ని ఆ రెండూ లేకుండా విండోస్ 7 గుర్తుపట్టదు.

ఇంకోటి. విండోస్ 7కి మద్దతు 2020 జనవరి 14నే ఆగిపోయింది. క్రోమ్ 109తో ఆగింది, ఫైర్‌ఫాక్స్ 115తో ఆగింది. టైమ్ కరెక్టుగా ఉన్నా ఏదైనా సైట్ తెరుచుకోకపోతే తప్పు గడియారానిది కాకపోవచ్చు. చదువుకీ, టైపింగ్‌కీ ఆ మెషీన్ చాలు. బ్యాంకు పని మాత్రం దాని మీద పెట్టుకోకండి.

షాపులో టైమ్ నిలబడట్లేదంటే ఫార్మాట్ కొట్టాలంటారు. డబ్బులు పోతాయి, ఫైళ్లు పోతాయి, పసిఫిక్ టైమ్ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. బేగి సంచిలో పెట్టి పట్టుకెళ్లకుండా ఒక్క నిమిషం ఆగండి. ఫోన్ పక్కన పెట్టి తేడా ఎంతో కాగితం మీద రాయండి. పదమూడున్నరైతే జోన్, ఐదున్నరైతే లినక్స్, ఏళ్లైతే సెల్, నిమిషాలైతే అప్‌డేట్ నౌ. వీటిలో దేనికీ ఫార్మాట్ అక్కర్లేదు.