ఉన్నదున్నట్లు వ్రాయుట



ఇంటర్మీడియటు పరీక్షలు ముగిసినది మొదలు ఇంటింట దరఖాస్తుల సందడియే. ర్యాంకునుబట్టి సీటిచ్చు కాలేజీలలో పిల్ల ఆడిన ఆటలను, పాడిన పాటలను అడుగువారు తక్కువ. ఎన్‌.సి.సి., క్రీడల కోటాలకు మాత్రము సర్టిఫికేట్లు చూతురు. కాని హరియాణాలోని అశోక, మన శ్రీసిటీలోని క్రియా వంటి విశ్వవిద్యాలయములును, అమెరికాలోని పెక్కు కాలేజీలును మార్కులతో తృప్తిపడక, ‘చదువుగాక నీవేమి చేసితివి?’ అని అడుగుచున్నవి. చూచుట కిది చిన్న ప్రశ్న. దీనికి జవాబు వ్రాయుటలో తల్లులు, బిడ్డలు కూడ తడబడుచుందురు.

మొన్న వేసవిలో కొయ్యూరు వెళ్లితిని. అచట మా అక్కగారి కొక చిన్న కిరాణాకొట్టు గలదు. కాలము వచ్చినప్పుడు జీడిపిక్కలు కూడ కొని నర్సీపట్నము పంపుచుందురు. అక్కకూతురి దరఖాస్తునకు గడువు ఇంక నాలుగు దినములే యుండెను. పట్నములో ఒక ఇంటర్నెట్టు సెంటరువారు ఫారము నింపి, అచ్చు తీసి యిచ్చిరట. అందులో ‘రాష్ట్రస్థాయి థింసా నృత్యకళాకారిణి, బృందనాయకురాలు, సమాజసేవకురాలు’ అని యుండెను. నేను సంతోషము పట్టలేక, “ఏమే, ఇదంతయు ఎప్పుడు జరిగినది? నాకు చెప్పనేలేదే!” అంటిని. పిల్ల తల వంచుకొనెను.

జరిగిన దేమనగా, పదవ తరగతిలో నుండగా పాఠశాల బృందముతో విశాఖపట్నము వెళ్లి ఒక సభలో ఆడి వచ్చినది. అది పోటీ కాదు, బహుమానమును లేదు. వరుసలో ఈమె చివరినుండి మూడవది. నాయకురాలు వేఱొక పిల్ల. సమాజసేవ యనగా ఒక ఆదివారము బడి ఆవరణలో మొక్కలు నాటుట. “అందఱు నిట్లే వ్రాయుచున్నారు, వ్రాయకున్న వెనుకబడుదువని చెప్పిరి పిన్నీ,” అని సన్నని గొంతుతో ననెను.

ఆ పిల్లను కోపపడుటకు నాకు నోరు రాలేదు. రెండు గీతములు వచ్చిన పిల్లకు పెండ్లిచూపులనాడు సంగీతము పూర్తిగా వచ్చునని చెప్పుట మన యిండ్లలో ఎన్నటినుండియో యున్న అలవాటే గదా! పిల్లలు మనలను చూచియే నేర్చుకొందురు.

అయినను దరఖాస్తు పెండ్లిచూపు వంటిది కాదు. అందు ప్రతి మాటకును ఒక కొలత గలదు. పాల్గొనుట వేఱు, ఎంపికయగుట వేఱు, గెలుచుట వేఱు. మండలస్థాయిలో గెలిచి జిల్లాకు వెళ్లి ఓడిన పిల్ల ‘మండలస్థాయి విజేత, జిల్లాపోటీలలో పాల్గొన్నది’ అని వ్రాసికొనవలయును. అందు చిన్నతన మేమియు లేదు. ఎన్‌.సి.సి.లో బడిపిల్లలకు వచ్చు ‘ఎ’ సర్టిఫికేటు వేఱు, కాలేజీలో పెద్ద విభాగమున సంపాదించు ‘బి’, ‘సి’ సర్టిఫికేట్లు వేఱు. ఏ అక్షరమో చెప్పక ఊరక ‘ఎన్‌.సి.సి. సర్టిఫికేటు’ అని వ్రాసిన, చదువువారికి సందేహమే మిగులును. జాతీయ సేవాపథకములో సాధారణముగా రెండేండ్లలో 240 గంటల సేవ, ఏడు దినముల ప్రత్యేక శిబిరము ఉండును. ఒక ఆదివారపు మొక్కలను దాని ప్రక్కన పెట్టి చూడుడు! నిజామాబాదు ప్రాంతపు పాకాల గ్రామమునుండి వచ్చిన గిరిజనబాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖర మెక్కినది. అప్పటి కామె వయస్సు 13 ఏండ్ల 11 నెలలు. ఈ సంగతికి ‘ధీరవనిత’ యను మాట తగిలించుట వలన వచ్చు బలమేమి?

అమెరికాలో పెక్కు కాలేజీలకు కలిపి ‘కామన్ యాప్’ అను దరఖాస్తు గలదు. అందు పది పనులవఱకు వ్రాయవచ్చును. ఒక్కొక్క పనిని వర్ణించుటకు ఖాళీలతో గూడ 150 అక్షరములే యిత్తురు. వారమునకు ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారములు చేసితివో అంకెలతో చెప్పవలయును. కడపట, వ్రాసినదంతయు నిజమని సంతకము చేయవలయును. ఆ దేశమున 2019 మార్చిలో బయటపడిన మోసమును మీలో కొందఱు పత్రికలలో చదివియుందురు. ధనవంతు లొక దళారికి సొమ్మిచ్చి, ఎన్నడును ఆడని ఆటలలో తమ బిడ్డలను క్రీడాకారులుగ చూపించిరి. వేఱొకని ఆటబొమ్మపై పిల్లవాని ముఖము నతికించిన సందర్భములును గలవు. ఆ వ్యవహారమున మొదట 50 మందిపై నేరము మోపిరి. యేలు, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయములు ఒక్కొక్క విద్యార్థి ప్రవేశమును రద్దుచేసినవి. దళారికి 2023 జనవరిలో మూడున్నర యేండ్ల జైలుశిక్ష పడినది. వారికి ధనమున్నది, వకీళ్లున్నారు. మా కొయ్యూరుపిల్ల కేమున్నది? ఇంటర్వ్యూలో ‘మీ బృందమున ఎందఱు? నీవు నాయకురాలివై ఏమి చేసితివి?’ అని అడిగినచో అక్కడనే గొంతు తడియారును.

అబద్ధములు కొట్టివేయగా కాగితమున ఏమియు మిగులలేదు. పిల్ల కండ్లనీరు పెట్టుకొనెను. అప్పు డడిగితిని: “మీ నాన్న మంచమున బడిన రెండేండ్లు కొట్టులెక్క లెవరు వ్రాసిరి?”

“నేనే. అదియు నొక పనియా పిన్నీ?”

పనియే. ఉదయము ఒక గంట, రాత్రి ఒక గంట, అప్పుఖాతాలు, సరకుల చీటీలు, జీడిపిక్కల తూకపు లెక్కలు. ఇంటర్మీడియటు చదువుచు నిదంతయు చేసినది. ఆ అమెరికా ఫారములో సయితము కుటుంబబాధ్యతలకును, జీతపుపనికిని వేఱుగా చోటున్నది. తమ్ముని బడికి పంపుట, అవ్వకు మందిచ్చుట, సంతకు పోవుట మన ఆడుపిల్లలు చేయుచునే యుందురు గాని వ్రాయరు. లేనిది వ్రాయుట యెంత తప్పో, ఉన్నది దాచుటయు అంతే పొరపాటని నా యభిప్రాయము.

మా అక్కకు మాత్ర మిది నచ్చలేదు. “ఇంట జబ్బు, కొట్టున అప్పులు, ఇవి యెవరికో వ్రాసి పంపుదురా? జాలిపడి సీటిచ్చిరన్న మాట నాకు వలదు,” అని లోపలికి వెళ్లిపోయెను. ఆమె బాధ న్యాయమైనదే. అందుచే జబ్బుపేరు, అప్పుల మొత్తము వ్రాయలేదు. ఆ పిల్ల చేసినపని మాత్రమే వ్రాసితిమి.

ఆ రాత్రి కరెంటు పోయి, వాకిట కూర్చుండగా అల్లూరి సీతారామరాజు మాట వచ్చినది. 1924 మే 7న ఆయన ప్రాణము పోయిన ఊరు కొయ్యూరే గదా! 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుస్టేషనుపై బడి 11 తుపాకులు, 1390 గుండ్లు, 5 కత్తులు, 14 బాయొనెట్లు తీసికొని, ఏమేమి తీసికొనిరో అచటి పుస్తకముననే వ్రాసి సంతకము చేసిరని చరిత్ర. “పదునొకండు తుపాకులే, నూఱని వ్రాసియుండరాదా!” అని మా బావగారు మంచముమీదనుండి నవ్విరి.

మఱునాడు ఫారము తిరిగి వ్రాసితిమి. ‘థింసా: పాఠశాల బృందములో సభ్యురాలు, ఒక ప్రదర్శన.’ దాని పైని ‘కుటుంబపు కిరాణాకొట్టు లెక్కలు: 2 ఏండ్లు, వారమునకు 14 గంటలు, 40 అప్పుఖాతాలు.’ పిల్ల చదివి వినిపించుచుండగా మా అక్క వంటయింటినుండి వచ్చి, పలుకక, బీరువామీది ఖాతాపుస్తకము తీసి పుట లెక్కించెను.

“నలుబది కాదే,” అనెను, “ముప్పదియెనిమిది.”