సహరచయితల ఋణం

శ్రీ గురుభ్యో నమః.

ఈ పర్యాయం ఒక ఉపనిషద్వాక్యాన్నో, గీతాశ్లోకాన్నో వివరించడానికి కాక, ఒక ఋణాన్ని గురించి విచారించడానికి పూనుకొన్నాను. ఈ విచారణకు హేతువు స్వానుభవమే గనుక ముందుగా దానిని సంక్షేపంగా నివేదిస్తాను.

ఉద్యోగ విరమణ జరిగిన మూడేళ్ళకు, అరవై మూడవ ఏట, నేను వ్యాసరచనకు ఉపక్రమించాను. అంతకు మునుపు నా చేయి వ్రాసినవి జమాఖర్చుల పద్దులే. సాయంకాలాలలో గీతాభాష్యాన్నీ, ఉపనిషత్తులనూ చదువుకొని, తోచినది నోటు పుస్తకాలలో వ్రాసి పెట్టుకొనేవాణ్ణి. దానిని పదిమంది ముందు ఉంచాలనే తలంపు కలిగినప్పుడల్లా ఒక శంక అడ్డుపడేది. జపమాల త్రిప్పవలసిన వయస్సులో కలం పట్టడమేమిటి? గురుముఖతః శాస్త్రాభ్యాసం చేయనివానికి శాస్త్రవిషయాలు వ్రాసే అధికారం ఎక్కడిది?

ఆ శంకను తొలగించినవారు ముగ్గురు. ముగ్గురూ రచయితలే. మొదటివారు మా ఊరిలోనే నివసించే విశ్రాంత తెలుగు పండితులు. నా నోటు పుస్తకం ఆసాంతం చదివి, "అధికారం మాట తరువాత చూద్దాం. మీకు అర్థమైనదేదో, కానిదేదో వ్రాస్తేనే గదా తేలేది! వ్రాయండి" అన్నారు. రెండవవారు స్తోత్రవాఙ్మయంపై వ్యాసాలు వ్రాసే ఒక గృహిణి. నా రచన ఆలస్యమైన ప్రతిసారీ, "అన్నయ్యగారూ, సాధన చతుష్టయంలో వైరాగ్యం దగ్గర ఆగిపోయారు. శమదమాదుల కోసం ఎదురుచూస్తున్నాం" అని ఆప్యాయంగా గుర్తుచేసేవారు.

మూడవవారిని నేను కన్నులారా చూడనే లేదు. నాకంటె పదేళ్ళు పెద్దవారు. లోకమంతా ఒకే కుటుంబమని చెప్పే ప్రసిద్ధ వాక్యం ఋగ్వేదంలోనిదని నేనొక వ్యాసంలో వ్రాశాను. అందరూ అంటుండగా విన్నదే తప్ప ఆకరం వెదకి చూసినది కాదు. వారం తిరగకుండానే వారి నుండి ఒక ఉత్తరం వచ్చింది. ఆ వాక్యం ఋగ్వేదంలోనిది కాదనీ, మహోపనిషత్తులోనిదనీ, హితోపదేశంలో కూడా ఉన్నదనీ తెలిపి, చివర రెండు మాటలు చేర్చారు: "హితోపదేశంలో దానిని ఎవరు పలికారో ఒకసారి చూడండి. మీ వ్యాసం బాగున్నది గనుకనే ఈ దోషం అందులో ఉండకూడదనిపించింది."

చూశాను. మగధదేశంలో చంపకవతి అనే అరణ్యంలో ఒక లేడీ, ఒక కాకీ చిరకాల మిత్రులు. బలిసిన ఆ లేడిని చూసి ఒక నక్కకు నోరూరుతుంది. మైత్రి నటిస్తూ దరిచేరుతుంది. కులశీలాలు తెలియనివానిని నమ్మరాదని కాకి హెచ్చరించగా, తనవాడు పరుడు అనే భేదం అల్పబుద్ధులకే గాని ఉదారచరితులకు ఉండదనే ఆ మహావాక్యాన్ని నక్క వల్లిస్తుంది! తరువాత లేడికి పచ్చని పంటచేను చూపి వలలో చిక్కుకొనేటట్లు చేస్తుంది. త్రాళ్ళు కొరకమని వేడుకొంటే, అవి నరాలతో పేనినవి, ఈనాడు ఆదివారం, పంటితో తాకరాదని నియమం చెబుతుంది. చివరకు వెదుక్కొంటూ వచ్చి, చచ్చినట్లు పడి ఉండమని ఉపాయం చెప్పి, ప్రాణం నిలిపినది కాకి. వినడానికి ఇంపుగా పలికినది నక్క, హితం చేసినది కాకి. నా దోషాన్ని సవరించిన ఆ పెద్దమనిషి, ఆ కథను నా చేత చదివించి, రచయితకు ఎవరు మిత్రులో కూడా బోధించారు.

దోషాన్ని దిద్దుకొన్నాను. దిద్దినవారికి మాత్రం ఒక్క ఉత్తరమైనా వ్రాయలేదు. మొదట అభిమానం అడ్డుపడింది. అది చల్లారిన తరువాత, రేపు వ్రాద్దాం, మాపు వ్రాద్దాం అనే ఆలస్యం. గత కార్తికంలో వారు దివంగతులైనారని వారి కుమారుని ద్వారా తెలిసింది. ఋణదాత లేని ఋణాన్ని ఎట్లా తీర్చుకోవాలి? అప్పటి నుండి నన్ను వెంటాడుతున్న ప్రశ్న ఇదే.

కృతజ్ఞత అంటే, చేసిన మేలును ఎరిగి ఉండడం. శ్రీమద్రామాయణ ప్రారంభంలో వాల్మీకి నారదుని అడిగిన షోడశ గుణాలలో ధర్మజ్ఞత వెంటనే కృతజ్ఞతయే వస్తుంది. ఎదుటివారు ఏదో ఒక విధంగా చేసిన ఒక్క ఉపకారానికే రాముడు తృప్తుడౌతాడనీ, నూరు అపకారాలు చేసినా తలచుకోడనీ అయోధ్యాకాండ ఆయన స్వభావాన్ని వర్ణిస్తుంది. కిష్కింధాకాండలో లక్ష్మణుడు సుగ్రీవునితో పలికిన మాట ఇంకా తీవ్రమైనది. గోహత్య చేసినవానికీ, సురాపానం చేసినవానికీ, చోరునికీ, వ్రతభంగం చేసినవానికీ పెద్దలు నిష్కృతి విధించారు గాని, కృతఘ్నునికి నిష్కృతి లేదంటాడు. ఇక్కడ గమనింపదగిన విశేషం ఒకటున్నది. సుగ్రీవుడు రాముని ఉపకారాన్ని మరచినవాడు కాదు. తార లక్ష్మణునితో చేసిన విజ్ఞప్తి కూడా అదే. అతడు సుఖాలలో మునిగి కాలహరణం చేశాడు, అంతే. కాని ఎదురుచూసేవానికి మరపుకూ ఆలస్యానికీ భేదం ఎట్లా తెలుస్తుంది? ఆ ఘట్టం పారాయణ చేసినప్పుడల్లా నాకు నా ఆలస్యమే గుర్తుకు వస్తున్నది. సుగ్రీవునికి వానరసేనను పిలిపించే అవకాశం మిగిలింది. నాకు ఉత్తరం వ్రాసే అవకాశం మిగలలేదు.

ఈ ప్రశ్నకు సమాధానం ఋణత్రయ విచారంలో లభించింది. బ్రాహ్మణుడు దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అనే మూడు ఋణాలతో పుడతాడనీ, యజ్ఞంతో దేవతలకూ, బ్రహ్మచర్యంతో ఋషులకూ, సంతానంతో పితరులకూ ఋణం తీర్చుకొంటాడనీ తైత్తిరీయ సంహిత చెబుతున్నది. ఋషుల నుండి పొందినది విద్య. దానిని తిరిగి వారికే ఇవ్వడం కుదరదు. వారు మన కాలంలో లేరు, ఉన్నా మన విద్య వారికి అక్కరలేదు. కనుక నియమంతో అధ్యయనం చేయడం, చేసినదానిని మరొకరికి అందించడం, ఇదే ఋషిఋణ విమోచన మార్గం. అంటే ఈ ఋణం పుచ్చుకొన్న చోట చెల్లేది కాదు, ముందుకు సాగవలసినది. సహరచయితల ప్రోత్సాహం ఋషిఋణంలోని ఒక అంశమే అని నా అభిప్రాయం.

దీనికి భాగవత ప్రథమస్కంధాన్ని మించిన నిదర్శనం లేదు. వేదవిభాగం చేసి, భారతాన్ని రచించిన వ్యాసమహర్షి సరస్వతీ తీరంలో అసంతుష్టుడై కూర్చొని ఉన్నాడు. ఇంత చేసినా లోపల ఏదో కొరతగానే ఉన్నది, హేతువు తోచడం లేదు. అప్పుడు నారదుడు వచ్చాడు. వ్యాసుని కృషిని గుర్తించాడు. ఆ గుర్తింపుతోనే ఆగి ఉంటే వ్యాసునికి ఒరిగేది ఏమీ లేదు. ధర్మాది పురుషార్థాలను వర్ణించినట్లుగా వాసుదేవుని మహిమను నీవు వర్ణించలేదు అని లోపాన్ని నిర్మొహమాటంగా చెప్పాడు. తరువాత తన పూర్వజన్మ వృత్తాంతాన్ని వినిపించాడు. తానొక దాసీపుత్రుడనీ, వర్షాకాలంలో ఒకచోట నిలిచిన యోగులకు బాల్యంలో పరిచర్య చేశాననీ, వారు వెళ్ళిపోతూ దయతో జ్ఞానోపదేశం చేశారనీ చెప్పాడు.

ఆ యోగుల ఋణాన్ని నారదుడు ఎవరికి తీర్చాడు? వ్యాసునికి. వ్యాసుడు నారదుని ఋణాన్ని ఎట్లా తీర్చాడు? భాగవతాన్ని రచించి శుకునికి బోధించి. శుకుడు గంగాతీరంలో పరీక్షిత్తుకు వినిపించాడు. పేరైనా తెలియని ఆ యోగులు ఒక పరిచారక బాలునిపై చూపిన దయ ఈనాడు మన ఇళ్ళలో పారాయణగా వినిపిస్తున్నది. ఎక్కడైనా ఒకరు, నేను పుచ్చుకొన్నది నాతో ఆగితే చాలునని అనుకొని ఉంటే ఈ ప్రవాహం అక్కడే ఇంకిపోయేది.

మన తెలుగు కవులు ఈ ధర్మాన్ని బాగా ఎరిగినవారు. నన్నయభట్టారకుడు మహాభారతాంధ్రీకరణంలో తనకు తోడ్పడిన నారాయణభట్టును అవతారికలోనే స్మరించాడు. భారతయుద్ధంలో అర్జునునికి నారాయణుడు తోడైనట్లు తనకు ఈయన తోడైనాడని చెప్పుకొన్నాడు. ఆదికవి తన కావ్యం ముంగిట సహాధ్యాయుని పేరు నిలపడం చిన్న విషయం కాదు. ఎఱ్ఱన మరొక అడుగు ముందుకు వేశాడు. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని పూరించి, దానిని తన ప్రభువుకు కాక నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రునికే అంకితంగా నిర్వహించాడు. పూర్వకవి ఋణం తీర్చుకోవడంలో తన ఉనికినే మరుగుపరచుకొన్నాడు. మనకు దగ్గరి కాలంలో, 1920లో దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు అస్తమించిన తరువాత, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు మరి మూడు దశాబ్దాలు జీవించి, ఒంటరిగా వ్రాసినవాటిని కూడా తిరుపతి వేంకటకవుల పేరిటనే వెలువరించారు. కావ్యారంభంలో సుకవిస్తుతి చేసే సంప్రదాయాన్ని అలంకారమని చూసేవారున్నారు. నాకది ఋణపత్రంగా కనిపిస్తుంది.

ఇక్కడ ముముక్షువులకు ఒక ఆక్షేపం తోచవచ్చు. వార్ధక్యంలో ప్రోత్సాహాన్ని కోరడం లోకైషణ కాదా? పుత్రైషణను, విత్తైషణను దాటినవాడు లోకైషణ దగ్గర జారిపడడం సాధారణమే గదా? ఈ ఆక్షేపం సమంజసమే. నన్ను నేను పరీక్షించుకొన్నప్పుడు, ఎవరైనా మెచ్చుకొన్న రోజున నిద్రకు ముందు ఆ మెప్పును మరల మరల తలచుకొన్న సందర్భాలు కనబడ్డాయి. దాచి ప్రయోజనం లేదు.

అయితే మెప్పు వేరు, ప్రోత్సాహం వేరు. మెప్పు నన్ను నా వైపు త్రిప్పింది. ప్రోత్సాహం నన్ను గ్రంథం వైపు త్రిప్పింది. శమదమాదుల కోసం ఎదురుచూస్తున్నామని ఆ సోదరి అన్నప్పుడు, నేను వివేకచూడామణిని మళ్ళీ తెరవవలసి వచ్చింది. ఆ పెద్దాయన ఉత్తరంతో మహోపనిషత్తును మొదటిసారి చదివాను. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో ఋతం, సత్యం, తపస్సు, దమం, శమం మొదలైన ప్రతి ధర్మంతోనూ స్వాధ్యాయ ప్రవచనాలను జతచేసి చెప్పి, చివర నాకమౌద్గల్యుని మతంగా స్వాధ్యాయ ప్రవచనాలే తపస్సని నిలిపారు. జపమాలకూ కలానికీ విరోధమున్నదని నేను మొదట పడిన శంకకు సమాధానం అదే. భక్తులు పరస్పరం బోధించుకొంటూ, తన్ను గురించి చెప్పుకొంటూ తృప్తి పొందుతారని గీత పదవ అధ్యాయంలో భగవానుడు అన్నాడు. పరస్పరం అన్న మాటలోనే సహరచయితల ధర్మమంతా ఉన్నది.

ఇంత విచారణ చేసిన పిదప నా బల్ల సొరుగు గుర్తుకు వచ్చింది. ఆరు మాసాల క్రితం ఒక యువకుడు కర్మయోగంపై తాను వ్రాసిన ఇరవై పుటల వ్యాసాన్ని నాకు పంపి అభిప్రాయం కోరాడు. మొదటి రెండు పుటలు తిరగవేసి, "చాలా బాగున్నది నాయనా, శుభం భూయాత్" అని ఒక్క వాక్యంలో బదులిచ్చి సొరుగులో పెట్టేశాను. ఇంపుగా పలికి తప్పించుకొన్నాను. అంటే నేను చేసినది కాకి పని కాదు. యజ్ఞచక్రాన్ని అనువర్తింపనివాని జీవితం వ్యర్థమని గీత మూడవ అధ్యాయం హెచ్చరించినప్పుడు, అది ఎవరో ఇంద్రియలోలుణ్ణి ఉద్దేశించినదని ఇన్నాళ్ళూ అనుకొన్నాను. పుచ్చుకొని ఊరకున్నవారందరికీ ఆ మాట వర్తిస్తుంది. దివంగతులైన ఆ పెద్దాయనకు కృతజ్ఞతలు చెప్పకపోవడం కంటె, ఈ యువకుని వ్యాసం చదవకపోవడమే నా అసలైన కృతఘ్నత.

మొన్న ఏకాదశి నాడు ఆ వ్యాసాన్ని తీసి పూర్తిగా చదివాను. నిష్కామకర్మను, కర్మసన్న్యాసాన్ని అతడు ఒకచోట కలగలిపాడు. ఆ దోషం చెప్పాను. ఐదవ అధ్యాయ ప్రారంభంలో అర్జునుని సందేహాన్ని అతడు వివరించిన తీరు నాకు కొత్త వెలుగు ఇచ్చింది. అదీ చెప్పాను. ఆరు నెలల ఆలస్యానికి క్షమించమని కోరాను. మూడు పుటల ఉత్తరమైంది. చివర, నాకొకరు ఇట్లాగే వ్రాశారని చెప్పి, ఆ మహనీయుని పేరు అతనికి తెలియజేశాను.

పాఠకులలో వ్రాసేవారు అనేకులున్నారు. మలివయస్సులో కలం పట్టినవారూ ఉన్నారు. మీ చేత మొదటి వాక్యం వ్రాయించినవారిని ఒకసారి స్మరించండి. వారు సజీవులైతే ఈ రోజే పలకరించండి. కానిచో, మీ సొరుగులో చదవకుండా మిగిలినది ఏదైనా ఉన్నదేమో చూడండి.

శ్రీకృష్ణార్పణమస్తు.