రెండు దీపాల లెక్క

తిరుపతికొచ్చిన యాత్రికుడికి తిరుచానూరు అంటే ఏంది? ఒక క్యూ, ఒక దర్శనం, ఒక కుంకుమ పొట్లం. తిరుపతి నుంచి 5 కిలోమీటర్లు ఆటోలో వస్తాడు, అమ్మవారికి దండం పెట్టుకుంటాడు, గంటలో తిరిగి బండెక్కుతాడు. అతన్ని తప్పుపట్టలేం. ఇక్కడ ఇంకేమన్నా ఉందని చెప్పే నాథుడు లేకపోతే అతనేం చేస్తాడు?

మన బాధ యాత్రికుడి గురించి కాదు. ఈ గాలి పీల్చి, ఈ నీళ్ళు తాగి, ఇక్కడే డిగ్రీలు చదివి, ఊరి కథ మాత్రం తెలియకుండా పెరుగుతున్న మన పిల్లల గురించి.

2022 ఫిబ్రవరి 24న తిరుపతి పట్నం తన 892వ పుట్టినరోజు చేసుకుంది. రామానుజాచార్యుల చేతుల మీదుగా 1130లో గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఊరు వెలిసిందన్నది లెక్క. సంతోషమే. మరి ఆ పట్నం కంటే ముందే, 9వ శతాబ్దపు పల్లవుల కాలం నాటి శాసనాలకే ఎక్కిన ఊరు తిరుచానూరు. అప్పటి పేరు తిరుచ్చుకనూరు. ఇక్కడ ఊరి పెద్దల సభ ఉండేది. కొండ మీద గుడికి వచ్చిన దానధర్మాల వ్యవహారాల్లో ఆ సభ పేరు వినపడేది. ఈ ఊరికి పుట్టినరోజు ఎవరు చేశారు?

తిరుచానూరుకు కూతవేటు దూరంలో యోగిమల్లవరం ఉంది. చోళుల కాలం నాటి పరాశరేశ్వరుడి గుడి అక్కడే. శాసనాల్లో ఈ ఊరి పేరు తిరుముండియం. రాజేంద్ర చోళుడి కాలపు శాసనం ఒకటి చెప్పే సంగతి వినండి. కొండ మీద స్వామికి 24 దీపాలు వెలిగించే బాధ్యత ఒప్పుకుని తిరుముండియం సభవాళ్ళు బంగారం తీసుకున్నారు. వెలిగింది మాత్రం రెండు దీపాలే. రాజు తరఫున అధికారి దిగాడు. సభవాళ్ళను నిలదీశాడు. దీపాలు సక్రమంగా వెలిగే ఏర్పాటు చేశాడు. ఈ విచారణంతా రాతి మీద చెక్కించారు!

వెయ్యేండ్ల కిందటి మాట ఇది. దేవుడి సొమ్ముకైనా లెక్క చెప్పాల్సిందేనని, తప్పు చేసింది ఊరి పెద్దలైనా అడగాల్సిందేనని మన నేల మీది రాళ్ళే చెబుతున్నాయి. లెక్క అడగడం మనకు కొత్త విద్య కాదు. అడిగిన చరిత్ర ఉందని తెలియకపోవడమే కొత్త.

ఈ సంగతి ఆటో కిటికీలోంచి కనపడదు. నడవాల్సిందే. పద్మసరోవరం గట్టు మీద మొదలుపెట్టి, గుడి ప్రాంగణంలోనే ఉన్న కృష్ణస్వామి సన్నిధి చూసి, సూర్యనారాయణస్వామి గుడి దాటి, వీధుల వెంట యోగిమల్లవరం దాకా నడిస్తే ఒక పూట పని. పక్కన ఊరి మనిషి ఉండాలి. కార్తీకంలో పంచమి తీర్థం నాడు కొండ మీద నుంచి అమ్మవారికి సారె ఎట్లా వస్తుందో, లక్షల మంది ఈ కోనేట్లో ఎట్లా మునుగుతారో చూసి పెరిగిన మనిషి చెబితే దాని రుచే వేరు. అయితే నోటికొచ్చిన కథ చెప్పి పంపడం గైడు పని కాదు. పురాణం ఏదో, శాసనం ఏదో విడదీసి చెప్పగలగాలి. రెండింటికీ విలువుంది, రెండూ ఒకటి కాదు.

ఇంకో మాట. ఈ ప్రాంతపు శాసనాల్లో ఎక్కువ భాగం తమిళంలో ఉన్నాయి. దాన్ని దాచిపెట్టాల్సిన పనిలేదు. పల్లవులు, చోళులు, విజయనగర రాజులు అందరూ తిరిగిన దారి ఇది. సామవై అనే రాణి 10వ శతాబ్దంలో తిరుమల స్వామికి వెండి విగ్రహం సమర్పించిన సంగతి కూడా తమిళ శాసనమే చెబుతుంది. చరిత్రకు భాషా ద్వేషం అంటగట్టేవాళ్ళకు ఇక్కడి గోడలే జవాబు. 1930లలోనే దేవస్థానం సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వంటి పండితుల చేత ఈ శాసనాలను చదివించి సంపుటాలుగా అచ్చు వేయించింది. పుస్తకాలు అల్మారాల్లో ఉన్నాయి. వాటిని వీధిలోకి తెచ్చేదెవరు?

ఇది కాని పనేం కాదు. అహ్మదాబాద్‌లో 1997లో అక్కడి నగరపాలక సంస్థ పాత ఊళ్ళో నడక యాత్ర మొదలుపెట్టింది. కాలూపూర్ స్వామినారాయణ్ గుడి దగ్గర బయలుదేరి జామా మసీదు దగ్గర ముగిసే నడక. సందులు, చావిళ్ళు, చెక్క ఇళ్ళు చూపిస్తారు. 2017లో ఆ పాత నగరాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒక్క నడకతోనే అంత గుర్తింపు వచ్చిందని ఎవరూ అనరు. కానీ తన ఊరిని తాను నడిచి చూడని జనానికి ఊరిని కాపాడుకోవాలన్న పట్టుదల రాదు.

మనకేం తక్కువ? 1954లో పుట్టిన వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. 1983లో పుట్టిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. చరిత్ర చదివిన పిల్లలకు ఊళ్ళోనే పని ఎందుకు చూపించకూడదు? శాసనాలు చదివే శిక్షణ ఇచ్చి, గుర్తింపు కార్డిచ్చి, న్యాయమైన రుసుము నిర్ణయించి గైడ్లుగా పెట్టాలి. ప్రతి పాత గోడ దగ్గర ఆ శాసనం సారాంశం తెలుగులో, తమిళంలో రాసిన బోర్డు నిలబెట్టాలి. దర్శనం ప్యాకేజీలో నడకకు ఒక పూట కలపాలి. కోట్లమంది వచ్చిపోయే దారిలో ఈ మాత్రం చేయడానికి డబ్బు అడ్డమంటే నమ్మేదెవరు?

అధికారులు చేసేదాకా మనం చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిన పనిలేదు. విద్యార్థి మిత్రులారా, ఉద్యోగ సోదరులారా, ఒక ఆదివారం పొద్దున్నే పదిమంది కలిసి బయలుదేరండి. ఊళ్ళో ఒక పెద్దాయన్ను, చరిత్ర చెప్పే ఒక అయ్యవారిని తోడు తీసుకోండి. యోగిమల్లవరం దాకా నడవండి. 24 దీపాలకు రెండే వెలిగితే ఆనాడు అడిగినవాడున్నాడు. ఈనాటి లెక్కలు అడగాల్సింది మనమే.