సృష్టిధర్మం పేరు చెప్పి తప్పుకోకండి

"పిల్లల్ని సాకడం ఆడవాళ్ల పని. సృష్టిధర్మమే అంత. జంతువుల్లో చూడు, మగది తన దారిన తాను పోతుంది." పీర్జాదిగూడలో ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నలుగురు మగవాళ్లు చేరినా వినపడే మాట ఇది. బాగా చదువుకున్నవాళ్లే అంటారు. సృష్టిని సాక్షిగా పిలిచినవాళ్లు ఆ సాక్షి చెప్పేది చివరిదాకా వినాలా, వద్దా?

సాక్షి దూరంగా లేదు. ఏసీ ఔట్‌డోర్ యూనిట్ వెనక గూడు పెట్టిన పావురాన్ని మిట్టమధ్యాహ్నం చూడండి. గుడ్ల మీద కూర్చున్నది తండ్రి. పొద్దెక్కాక వచ్చి సాయంత్రం దాకా పొదుగుతాడు. రాత్రి వంతు తల్లిది. పిల్లలు గుడ్డు పగిలి బయటికొచ్చాక ఇద్దరి గొంతుసంచుల్లోనూ పాలలాంటి ముద్ద ఊరుతుంది. ఇద్దరూ నోటికి అందిస్తారు. దాన్ని ఊరించేది ప్రొలాక్టిన్, మన తల్లులకు పాలు పడేలా చేసే హార్మోనే. 1930లలో ఆస్కార్ రిడిల్ బృందం దానికి ఆ పేరు పెట్టింది పావురాల గొంతుసంచి మీద పరీక్షలు చేసే. సాకే గుణం మగపుటకలోనే లేదనేవాళ్లు దీనికేం జవాబు చెప్తారు?

పక్షి జాతుల్లో అయిదింట నాలుగు వంతులు తల్లీతండ్రీ కలిసి పెంచేవే. మన పాలపిట్టా అంతే. తామరాకుల మీద నడిచే జకానాల్లోనైతే ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. పొదిగేదీ, పిల్లల్ని కాచేదీ మగదే.

క్షీరదాల సంగతేమిటంటారా? నిజమే, తండ్రి పిల్లల్ని చూసుకునే జాతులు వాటిలో నూటికి పది కూడా లేవు. వీధికుక్కను చూపించి వాదించేవాళ్ల బలమంతా అక్కడే ఉంది. కానీ కుక్కకు దగ్గరి చుట్టమైన నక్కలో తండ్రి తిన్నది కక్కి మరీ పిల్లలకు పెడతాడు. ఆ కొద్ది జాతుల్లో మనిషీ ఉన్నాడు. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 600 మందికి పైగా యువకులను నాలుగేళ్ల తేడాతో పరీక్షించి, 2011లో ఫలితాలు ప్రకటించారు. తండ్రులైనవాళ్లలో టెస్టోస్టిరాన్ బాగా పడిపోయింది. రోజుకు మూడు గంటలు, ఆపైన పిల్లల పనులు చూసుకునేవాళ్లలో ఇంకా తక్కువ. మధ్య ఆఫ్రికాలోని ఆకా తండ్రులు రోజులో దాదాపు సగంసేపు పసిబిడ్డకు చేతికందే దూరంలోనే ఉంటారని మానవశాస్త్రవేత్త బ్యారీ హ్యూలెట్ లెక్కగట్టాడు. వీళ్లు మగవాళ్లు కారా?

ఇంతకీ, జంతువు చేసిందల్లా మనకు ధర్మమైతే మగపులి పరాయి కూనల్ని చంపుతుంది, దాన్నీ ధర్మమందామా? తమకు పనికొచ్చిన జంతువునొక్కదాన్నే ఏరుకుని చూపించడం వాదం కాదు, తప్పించుకోవడం.

ఈ మాట సెల్లార్‌లోనే ఆగిపోతే ఇంత రాయనక్కర్లేదు. చట్టంలోకీ ఎక్కింది. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది, న్యాయమే. కేంద్ర ప్రభుత్వోద్యోగంలో ఉన్న తండ్రికి 15 రోజులు దక్కుతాయి. నాచారం ఫ్యాక్టరీలో ప్రైవేటు కొలువు చేసే తండ్రికి పితృత్వ సెలవు కింద చట్టం ఒక్కరోజూ ఇవ్వలేదు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ ఉండాలని ఆ సవరణే చెప్పింది. రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకునే హక్కు తల్లికి రాసింది. అదే షెడ్డులో పనిచేసే తండ్రికి ఒక్కసారీ రాయలేదు.