చేసింది అమ్ముకోండి, చేయబోయేది అమ్మకండి



మన ఇళ్లలో పిల్లలు చేత్తో ఏదైనా చేస్తూ కూర్చుంటే పెద్దల నోట వచ్చేవి రెండే మాటలు. మొదట్లో అయితే, "ఏం ఫాయిదా బేటా దీనివల్ల? టైం బర్బాద్!" అంటారు. అదే వస్తువు బాగా కుదిరితే మాట మారిపోతుంది. "మాషా అల్లాహ్! ఇది అమ్మితే మంచి పైసలొస్తాయి కదా?" అంటారు. ఈ రెండింటి మధ్య మూడో మాటకు మనం చోటే ఉంచలేదు. చేతిపని అయితే దండగ, లేకపోతే దుకాణం. షౌక్ అనేది ఒకటుంటుందని, దానికీ ఒక ఇజ్జత్ ఉందని మన లెక్కలోకి రాదు.

ప్లాస్టిక్ మోడల్ కిట్లు కట్టే పిల్లల విషయంలో ఈ ముచ్చట మరీ ఎక్కువగా వినిపిస్తోంది. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. ఒక డబ్బాలో విమానమో ఓడో ట్యాంకో కారో ముక్కలు ముక్కలుగా, ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని వస్తుంది. ఒక్కో ముక్కను కత్తిరించాలి, అంచులు సాండ్ పేపర్‌తో సాపు చేయాలి, జిగురు పెట్టి జోడించాలి, రంగు వేయాలి, గుర్తులున్న పలుచటి స్టిక్కర్లను నీళ్లలో నానబెట్టి అతికించాలి. 1/72 స్కేల్ అంటే అసలు వస్తువులో ఆరు అడుగులు ఇక్కడ ఒక్క అంగుళం. రెండో ప్రపంచ యుద్ధంలో ఎగిరిన స్పిట్‌ఫైర్ విమానం ఆ స్కేల్‌లో రెక్క చివరి నుంచి రెక్క చివరికి దాదాపు 16 సెంటీమీటర్లు, అంటే అరచేతిలో పట్టేంత. అందులో పైలట్ కూర్చునే చోటుకు రంగు వేయాలంటే సన్నటి కుంచెతోపాటు బోలెడు సబర్ కూడా కావాలి.

మరి ఇలా షౌక్‌తో కట్టినవాటిని అమ్మొచ్చా, అమ్మకూడదా? నా జవాబు ముందే చెప్పేస్తాను. కట్టడం పూర్తయి అల్మారాలో ఉన్నది అమ్ముకోండి, అందులో తప్పేమీ లేదు. కానీ అడ్వాన్స్ తీసుకుని ఇంకా కట్టనిది అమ్మకండి. ఇదే నా పనిగా పెట్టుకుంటాను అని మనసులో తేల్చుకునేదాకా ఆ దారిలోకి పోకండి. ఎందుకంటే ఈ రెండూ ఒకటే వ్యాపారంలా కనిపిస్తాయి గానీ, ఒకటి కావు.

ముందు "షౌక్‌ను అమ్మితే షౌక్ పాడైపోతుంది" అనేవాళ్ల మాట చూద్దాం. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ చేతి హునర్‌తో సంపాదించడాన్ని మన దీన్ ఎప్పుడూ చిన్నచూపు చూడలేదు. మనిషి తినే తిండిలో తన చేతి కష్టంతో వచ్చిన దానికంటే మేలైనది లేదని, దావూద్ అలైహిస్సలాం తన చేతి పని మీదే తినేవారని సహీహ్ బుఖారీలో ఉంది. ఆయన ఇనుప కవచాలు చేసేవారు. ఆ కవచాల కడియాలను సరైన కొలతతో అల్లమని అల్లాహ్ ఆయనకు హుకుం ఇచ్చిన సంగతి సూరా సబాలో వస్తుంది. ఒక నబీ చేతిపనిలో కొలత సంగతి ఖుర్ఆన్‌లో ప్రస్తావనకు వచ్చిందంటే, చేతిపనికి ఎంత మర్యాద ఉందో ఆలోచించండి. జకరియ్యా అలైహిస్సలాం వడ్రంగి అని సహీహ్ ముస్లింలో ఉంది. కాబట్టి కట్టిన బొమ్మ ఓడను అమ్మితే పరువు పోతుందనుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

పైగా చాలామందికి అమ్మడానికి సాదాసీదా కారణమే ఉంటుంది. ఇంట్లో చోటు లేదు. రెండు గదుల ఇంట్లో పన్నెండు విమానాలు ఎక్కడ పెడతారు? రెండు అమ్మితే మూడో కిట్ కొనొచ్చు, అబ్బా జేబు మీద బరువు పడదు. ఇది మంచి నియ్యతే.

ఇక ధర సంగతి. ఇక్కడ ఒక చరిత్ర చెప్పాలి. 1949లో బ్రిటన్‌లోని ఎయిర్‌ఫిక్స్ కంపెనీకి ఫెర్గుసన్ ట్రాక్టర్ల వాళ్లు ఒక పని ఇచ్చారు. తమ సేల్స్‌మెన్‌ల కోసం ట్రాక్టర్ చిన్న నమూనాలు చేసిపెట్టమన్నారు. మొదట వాటిని చేత్తో జోడించే ఇచ్చేవాళ్లు. తర్వాత ఖర్చు తగ్గించుకుని ఎక్కువ అమ్మడానికి అదే ట్రాక్టర్‌ను విడి ముక్కల కిట్‌గా దుకాణాల్లోకి తెచ్చారు. అంటే జోడించే మెహనత్‌ను కంపెనీ గాహక్ చేతిలో పెట్టింది. కిట్ చవకగా దొరకడానికి కారణం అదే. ఖరీదైన భాగం ప్లాస్టిక్ కాదు, దాన్ని జోడించే మనిషి గంటలు.

ఇప్పుడు ఆ కిట్‌ను మన కుర్రాడు కట్టి అమ్మితే, కంపెనీ వదిలించుకున్న ఆ ఖర్చు తిరిగి ధరలోకి రావాలి. ఒక లెక్క వేద్దాం. కిట్ 2,500 రూపాయలు. రంగులు, జిగురు, స్టిక్కర్ల వాటా 1,000 అనుకుందాం. పని 40 గంటలు. గంటకు వంద రూపాయలే వేసుకున్నా అది 4,000. మొత్తం 7,500. గాహక్‌కు మాత్రం డబ్బా మీది 2,500 ఒక్కటే కనిపిస్తుంది. "కిట్ ధర మీద ఐదొందలు ఎక్కువ ఇస్తాను" అంటాడు. చాలామంది ఒప్పేసుకుంటారు. ఎలాగూ షౌక్‌తో చేసిందే కదా, ఏదో ఒకటి వచ్చింది అనుకుంటారు.

తన వస్తువు తను ఎంతకైనా ఇచ్చుకోవచ్చు, అది అతని హక్. స్నేహితుడికి ఉత్తినే ఇచ్చినా హదియా అవుతుంది, సవాబ్ వస్తుంది. కానీ రోజూ బజారులో పెట్టి, గంటలకు పైసా వేసుకోకుండా అమ్ముతూ పోతే ఆ దెబ్బ ఇంకొకరికి తగులుతుంది. హైదరాబాద్‌లో బిల్డర్ల ఆఫీసుకు వెళ్తే గాజు పెట్టెలో అపార్ట్‌మెంట్ నమూనా కనిపిస్తుంది కదా. అలాంటి చిన్న నమూనాలు కట్టి ఇల్లు నడుపుకునేవాళ్లు ఉన్నారు. జర్దోజీ పనిలో ఇది మన ఆడవాళ్లకు బాగా తెలిసిన సంగతే. జేబు ఖర్చు కోసం కుట్టే ఒక బేటీ అగ్గువ ధర చెబితే, అదే ధర పట్టుకుని గాహక్ వెళ్లి కార్ఖానాలో కూర్చున్న కారిగర్‌తో బేరం ఆడతాడు. షౌక్ ఉన్నవాడికి అది సరదా. కారిగర్‌కు అది రోజీ. అందుకే అమ్మితే సరైన ధరకే అమ్మండి, లేదంటే తోఫాగా ఇవ్వండి. ఈ రెండింటి మధ్య ఉండే సగం ధర ఎవరికీ మేలు చేయదు.

రెండోది ఐబ్ దాచకపోవడం. బజారులో ధాన్యం కుప్పలో రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలిన సంగతి మనందరికీ తెలుసు. తడిసింది పైన పెట్టి జనానికి కనబడనివ్వాలన్నదే అందులోని సబఖ్. మోడల్‌లో కూడా లోపలి తడి ఉంటుంది. ఫెవిక్విక్ లాంటి జిగురు ఆవిరికి పైలట్ అద్దం తెల్లగా మసకబారుతుంది. స్టిక్కర్ కింద గాలి ఉండిపోతే వెలుతురులో వెండిలా మెరుస్తుంది. రెండు సగాలు కలిసిన చోట గీత మిగిలిపోతుంది. ఫొటో తీసే కోణం కొంచెం మారిస్తే ఇవేవీ కనబడవు. అక్కడే అమానత్ ఉంది. మసక అద్దం ఫొటో కూడా పెట్టండి. ఫలానా చోట గీత ఉంది అని రాయండి. ధర కాస్త తగ్గితే తగ్గనివ్వండి, బర్కత్ తగ్గదు. పార్సిల్ దారిలో విరిగితే నుక్సాన్ ఎవరిదన్నది కూడా ముందే మాట్లాడుకోండి. ఈ మోడళ్లలో యాంటెన్నాలు పుల్లకంటే సన్నగా ఉంటాయి.

ఇంకొన్ని హద్దులూ ఉన్నాయి. కొన్న కిట్‌ను కట్టి అమ్మడం వేరు, కిట్‌లోని ముక్కలకు అచ్చు తీసి నకలు పోసి అమ్మడం వేరు. రెండోది ఇంకొకరి మెహనత్‌ను దోచుకోవడమే. 1/35 ట్యాంకు డబ్బాల్లో చాలావాటిలో చిన్న చిన్న సిపాయిల బొమ్మలు కూడా వస్తాయి. తస్వీరులు చేసి బతికే ఒకాయన ఇబ్నె అబ్బాస్ రజియల్లాహు అన్హు దగ్గరికి వచ్చి అడిగితే, చేయక తప్పదంటే చెట్లనూ ప్రాణం లేనివాటినీ చేసుకోమన్నారని బుఖారీలో ఉంది. ఓడ, విమానం, కారు, మస్జిద్ నమూనా అయితే ఆ ఫికర్ ఉండదు. మనుషుల బొమ్మల విషయం మీరు నమ్మే ఆలిమ్‌ను అడిగి తేల్చుకోండి. అమ్మే ముందే అడగండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అడ్వాన్స్ తీసుకుంటే ఏమవుతుంది?

అల్మారాలో ఉన్న మోడల్‌ను అమ్మినప్పుడు గడిచిపోయిన గంటలను అమ్ముతున్నాం. అవి మనకు కావలసిన ఆనందం ఇచ్చేశాయి. ఆర్డర్ తీసుకున్నప్పుడు రాబోయే సాయంత్రాలను అమ్ముతున్నాం. చేసి ఇస్తానని ఒప్పుకునే ఈ అఖ్ద్‌ను ఫిఖ్హ్‌లో ఇస్తిస్నా అంటారు. జనం ఆచారాన్నీ అవసరాన్నీ చూసి హనఫీ ఉలమా దీన్ని జాయజ్ అన్నారు. కాకపోతే వస్తువు ఎలా ఉండాలో, ధర ఎంతో స్పష్టంగా తేలాలి. అంటే ఆర్డర్ హరాం అని నేను అనడం లేదు. అది బరువు అంటున్నాను. వాదా చేశాక మనసు లేకపోయినా కూర్చోవాలి. ఏ విమానం కట్టాలో గాహక్ చెబుతాడు, ఏ రంగో గాహక్ చెబుతాడు. పరీక్షలు వచ్చినా, రంజాన్ వచ్చినా, ఇంట్లో ఎవరికైనా తబియత్ బాగోకపోయినా ఆ వాదా అలాగే నిలబడి ఉంటుంది. అడ్వాన్స్ పైసలు అప్పటికే ఖర్చయిపోయి ఉంటాయి. అప్పుడు షౌక్ మెడ మీద ఖర్జ్ అయి కూర్చుంటుంది.

దీన్ని పనిగానే చేస్తాను, వేళకు కూర్చుంటాను, రసీదు ఇస్తాను, ఆలస్యమైతే జవాబు చెబుతాను అనేవాళ్లు బిస్మిల్లాహ్ అని మొదలుపెట్టండి. అది మంచి రోజీ. కానీ పన్నెండో తరగతి పిల్లవాడి చేత, ఆఫీసు నుంచి అలసి వచ్చి రాత్రి గంటసేపు కూర్చునే భాయ్ చేత, "ఎలాగూ కడుతున్నావు కదా" అని ఆర్డర్లు ఒప్పించడం జుల్మ్. ఆ గంట అతనికి విశ్రాంతి. విశ్రాంతికి కూడా హిసాబ్ రాయాలా?

చివరగా అమ్మీలకూ అబ్బాలకూ ఒక మాట. బిడ్డ మోడల్ అమ్మి పైసలు తెస్తే అవి బిడ్డవే. చిన్నవాడైతే దాచిపెట్టండి, ఎంత ఉందో వాడికి తెలియనివ్వండి. అమ్మాయి కట్టి అమ్మినా అంతే. ఆడవాళ్లు సంపాదించిన దానిలో వాళ్ల హిస్సా వాళ్లదని సూరా నిసాలో అల్లాహ్ చెప్పాడు కదా. ఇంటి ఖర్చులోకి లాగేసుకుంటే రెండోసారి ఆ చెయ్యి ఆ పని ముట్టదు.

ఇంకొకటి. అమ్మనంటే బలవంతం చేయకండి. ఒక కుర్రాడు ఫోన్ పక్కన పడేసి మూడు గంటలు ఒకే చోట కూర్చుని, చెయ్యి వణకకుండా చిన్న గీత గీశాడంటే అదే ఒక కమాయీ. నమాజ్‌కు లేస్తున్నాడా, చదువు సాగుతోందా, అప్పు చేసి కిట్లు కొనడం లేదు కదా, ఇవి తప్పకుండా చూడండి. ఇవి సరిగ్గా ఉంటే ఈసారి "ఎంతకు పోతుంది?" అని అడగకండి. "ఇది ఎలా కట్టావు బేటా?" అని అడిగి చూడండి. ఎంతసేపు చెబుతాడో మీకే తెలుస్తుంది.

వల్లాహు ఆలమ్.